న్యూ వేవ్ వాళ్ళ మధ్యాహ్నం కచేరీ

నా భార్య పోయి ఏడాది కావస్తున్న రోజుల్లో మా ఇంటికి రాజమండ్రి నుంచి ఒక ఫోను వచ్చింది. మాట్లాడినాయన, మా ఆవిడ పెళ్ళికి ముందు పాడిన ఆర్కెస్ట్రాలో తాను కీబోర్డు వాయించేవాణ్ణని చెప్పుకున్నాడు. పాత ట్రూపులు మూడు కలిసి ఒక కచేరీ పెట్టుకుంటున్నాయట.

"చెల్లెమ్మకి ఒకసారి ఫోనిస్తారా అండి?" అన్నాడు.

ఆయనకు తెలియదని అర్థమైంది. చెప్పాను. ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను. "అయ్యబాబోయ్" అని, నాతో కాకుండా తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఇంకాసేపటికి, "మీరైనా రండి బావగారూ. చెల్లెమ్మ కుర్చీలో మీరు కూర్చుందురుగాని," అన్నాడు. ముఖం తెలియని మనిషి నన్ను బావగారూ అన్నాడు. ఆ వరస ఆమె పెళ్ళికి ముందే అక్కడ నాకోసం ఖాళీగా ఉందన్నమాట.

వెళ్ళాలని లేదు. జనం, చప్పుడు నాకు పడవు. కానీ ఒక కారణం వెళ్ళమంది. ఆమె పోయిన కొన్ని నెలలకు నాకొక సంగతి తెలిసింది. ఆమె అన్న మాటలన్నీ గుర్తున్నాయి, గొంతు గుర్తు రావడం లేదు. ముఖం ఫొటోల్లో ఉంది. చేతిరాత డబ్బాల మీద అంటించిన కాగితాల్లో ఉంది. గొంతు ఎక్కడా లేదు. మేము టేపురికార్డరు ముందు కూర్చుని మాట్లాడుకునే రకం కాదు. "మందు వేసుకున్నారా" అన్న మాట నా తలలో వినిపిస్తే, అది నా గొంతుతోనే వినిపించేది. చావు గురించి పుస్తకాల్లో చాలా చదివాను. ఈ సంగతి ఎవరూ రాయలేదు. లేదా రాసినచోట నేను శ్రద్ధగా చదవలేదు.

ఆర్కెస్ట్రా వాళ్ళ దగ్గర పాత క్యాసెట్టు ఏదైనా ఉండకపోతుందా అని నా ఆశ. అందుకు వెళ్ళాను.

ఎనభైల్లో మా గోదావరి జిల్లాల్లో ప్రతి ఊరికీ ఏదో ఒక ట్రూపు వచ్చేది. తీర్థాలకు, అంటే ఊరి జాతరలకు, చవితి పందిళ్ళకు, పెళ్ళిళ్ళకు సినిమా పాటలు పాడేవాళ్ళు. అంతకుముందు హార్మోనియం, తబలా, ఒక బుల్‌బుల్ ఉంటే కచేరీ అయిపోయేది. తరవాత కొందరు కాలేజీ కుర్రాళ్ళు కీబోర్డు, కరెంటు గిటారు, రిథమ్ ప్యాడ్, ఎకో మైకు తెచ్చారు. జుట్టు చెవుల మీదికి పెంచారు. ఏ ట్రూపువాళ్ళైనా పోస్టర్ల మీద "న్యూ వేవ్ ఆర్కెస్ట్రా" అనే రాయించుకున్నారు. ఆ మాట ఏ ఇంగ్లీషు పత్రికలో చూశారో తెలియదు. మా నాన్న ఆ పోస్టరు చదివి, "ఇదేంట్రా, కొత్త వేపుడా?" అన్నాడు. ఊళ్ళో అదే నిలిచిపోయింది. మైకులో ప్రోగ్రాం ఉందని చెప్పగానే, వేపుడు మొదలైందిరా అని బయల్దేరేవాళ్ళం. నిడదవోలు రైల్వే గేటు అవతల, కాళ్ళు పీకేదాకా నిలబడి విన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎకోలో ఆఖరి మాట మూడు నాలుగుసార్లు వినిపిస్తుంటే, మా ఊరికి మించిన ఊరు ఎక్కడో ఉందనిపించేది.

ఆమె ట్రూపును మాత్రం నేను వినలేదు. ఈ మాట అంటే ఆమె ఒప్పుకునేది కాదు. "విన్నారు. మర్చిపోయుంటారు," అనేది. మా పెళ్ళినాటికే ట్రూపు చెదిరిపోయింది. వీడియోలు వచ్చాయి. రెండు సినిమాలు వేయిస్తే జనం వస్తుంటే, డజను మందికి భోజనాలు పెట్టి పాడించడం ఎందుకని ఊళ్ళవాళ్ళు మానేశారు. ఇంట్లో ఆమె పాడేది కాదు. ఒకటి రెండుసార్లు అడిగాను. "మైకు లేకుండా పాటేంటండీ, ఎవరైనా వింటే నవ్విపోతారు," అంది. ఆ తరవాత అడగలేదు.

నాతో మా మరదలు వచ్చింది. ఆమె చెల్లెలు, నరసాపురంలో ఉంటుంది. అక్కను ఆర్కెస్ట్రాకు పంపడానికి వాళ్ళ నాన్న పెట్టిన షరతు ఒక్కటే, చెల్లెలు కూడా వెళ్ళాలి. అలా అక్క పాడిన ప్రతిచోటా స్టేజీ పక్కన లేసు అల్లుకుంటూ కూర్చున్నది ఈమె. నరసాపురం బండి దిగి నిడదవోలు ప్లాట్‌ఫారం మీద నన్ను చూడగానే, "ఆ చొక్కా ఏంటి బావగారూ? ఆర్కెస్ట్రాకి వెళ్తూ తద్దినానికి వచ్చినట్టు తెల్లచొక్కానా?" అంది.

"నా దగ్గర ఉన్నవన్నీ ఇలాంటివే."

"అక్క ఉంటే ఇంట్లోంచి కదలనిచ్చేదే కాదు."

రాజమండ్రి బండిలో కూర్చున్నాక, స్టేజీ మీద అక్క ఎలా ఉండేదని అడిగాను. ఆమె సంచీలోంచి దారం, సూది తీసి అల్లడం మొదలుపెట్టింది. ఆలోచించుకోవాలంటే ఆ ఇంట్లోవాళ్ళకు చేతులు ఆడాలి.

"ఎలా చెప్పను? ఇంట్లో మనిషి కాదు. మైకు పట్టుకుంటే మా నాన్న కూడా అక్కని మీరు అనేవారు. తెలీకుండానే అనేసేవారు."

"గొంతు ఎలా ఉండేది?"

"బాగుండేది."

"బాగుండేదంటే?"

"మీకు తెలీదేంటి బావగారూ? పెళ్ళాం గొంతు నన్నడుగుతారేంటండీ?" అంది నవ్వుతూ. నేను కిటికీ వైపు తిరిగాను. ఆమె నా వైపు చూసి సూది ఆపింది. కొవ్వూరు దాటి బండి గోదావరి మీదికి వచ్చింది. వంతెన చప్పుడులో, "నాకూ సరిగ్గా రావట్లేదండి. రోజూ అనుకుంటాను, రేపు గుర్తొస్తుందిలే అని," అంది.

కచేరీ ఒక ఫంక్షన్ హాల్లో, ఆదివారం మధ్యాహ్నం. గుమ్మంలో అందరికీ మజ్జిగ ఇస్తున్నారు. స్టేజీ మీద జుట్టుకు రంగు వేసుకున్న పెద్దవాళ్ళు వైర్లు విప్పుకుంటున్నారు. ఒకాయన గిటారు పట్టుకుని కళ్ళజోడు వెతుక్కుంటున్నాడు. హాలంతా మా వయసువాళ్ళే. కొందరు పిల్లల్ని తెచ్చారు గానీ పిల్లలు అప్పుడే విసుగ్గా ఉన్నారు.

కీబోర్డాయన మమ్మల్ని చూసి దిగివచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. మా మరదల్ని చూసి, "లేసు పిల్లా!" అన్నాడు. ఆమె, "పిల్లేంటండీ, అమ్మమ్మనయ్యాను," అంది. ఆయన నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పరామర్శ మాటలు చెప్పలేదు. అందుకు ఆయన నాకు నచ్చాడు. నేను వచ్చిన పని అడిగేశాను.

"ఆవిడ పాడిన క్యాసెట్టు ఏదైనా ఉందా అండి, మీ దగ్గర?"

ఆయన ముఖం వాడిపోయింది. "ఉండేదండి. ఒక్కటే. రామచంద్రపురం తీర్థంలో రికార్డు చేశాం. మా ఆవిడ దాని మీద వ్రతకథ ఎక్కించేసింది. ఆవిడకేం తెలుసండీ, ఖాళీ క్యాసెట్టనుకుంది. శ్రావణమాసం వచ్చినప్పుడల్లా ఆ కథ విని లోపల తిట్టుకుంటుంటాను."

"మిగతావాళ్ళ దగ్గర?"

"అందర్నీ అడిగానండి, మీరొస్తున్నారని. లేవు."

అక్కడితో నా పని అయిపోయింది. వెనక్కి వెళ్ళిపోదామని మరదలితో అన్నాను. ఆమె, "టీ ఇస్తారట, ఉండండి," అని నన్ను కూర్చోబెట్టింది. నిజానికి ఆమెకు వినాలని ఉంది.

ఎనౌన్సరు మైకు అందుకున్నాడు. "ఒకప్పుడు తెల్లవార్లూ వాయించేవాళ్ళం. ఇప్పుడు తొమ్మిదింటికల్లా బీపీ మాత్ర వేసుకుని పడుకోవాలి. అందుకని మధ్యాహ్నం పెట్టుకున్నామండి. పాట మధ్యలో ఎవరైనా బయటికి పరిగెడితే ఏమీ అనుకోవద్దు, షుగరు," అన్నాడు. జనం ఈలలు వేశారు. యాభై దాటినవాళ్ళు నాలుక మడిచి ఈల వెయ్యడం చూశాను. ఒకాయన కట్టుడుపళ్ళు తీసి జేబులో పెట్టుకుని మరీ వేశాడు.

రిథమ్ ప్యాడ్ మొదలైంది. ఆ చప్పుడు నేను పాతికేళ్ళుగా వినలేదు. డబ్బా కొట్టినట్టు ఉండే, నీటిబొట్టు పడ్డట్టు ఉండే ఆ కరెంటు చప్పుడును అప్పట్లో గొప్పదనుకున్నాం, తరవాత చవకబారుదనుకున్నాం. ఇప్పుడు ఏమనుకోవాలో తెలియలేదు. వెన్ను నిటారైంది. కళ్ళజోడు వెతుక్కున్నాయన గిటారు తీగ మీద వేలు పెట్టాడు. ఆ చేతివేళ్ళు కణుపుల దగ్గర వాచి ఉన్నాయి. మొదటి పాటలో రెండుచోట్ల తప్పింది. రెండో పాటలో తప్పలేదు. మూడో పాటకు ఆయన వేళ్ళ వంక చూడటం మానేశాడు. నేను చూడటం మానలేదు. తెలిసిన పనిలోకి చేతులు తిరిగి వెళ్ళడం చూస్తుంటే ఒక రకమైన భయం వేసింది. గుళ్ళో వేస్తుందంటారే, అలాంటిది. నేను గుళ్ళకు వెళ్ళేవాణ్ణి కాను, అందుకని అది అదో కాదో చెప్పలేను.

చాలా పాటలయ్యాక కీబోర్డాయన మైకు తీసుకున్నాడు. ఇక తమ సొంత పాట అన్నాడు. చీకట్లో గోదావరి మీద వెళ్ళే లాంచీ దీపం గురించి ఆయనే రాసి కట్టిన పాట. న్యూ వేవ్ అన్నాక ఇంగ్లీషు ముక్క ఒకటైనా ఉండాలని పల్లవి చివర "షైన్ షైన్ షైన్" అని పెట్టుకున్నాడు.

"కాగితాల మధ్య కార్బన్లు పెట్టి అందరికీ రాసిచ్చేవాణ్ణండి. అడుగు కాపీ మా చెల్లెమ్మకి వెళ్ళింది. ష పొట్టలో గీత పడలేదు. తీర్థంలో, వేలమంది జనం ముందు, పైన్ పైన్ పైన్ అని ఎత్తుకుంది! నాకు గుండాగిపోయింది. ముందువరసలో ఒకడు, పైనేముందమ్మా? అని అరిచాడు. చెల్లెమ్మ తడుముకోలేదండి. వేలు పైకెత్తి చూపించి, మళ్ళీ పైన పైన పైన అంది. జనం మొత్తం వేళ్ళెత్తేశారు. ఆ తరవాత ఏ ఊరెళ్ళినా, పైన పాట పాడండి, పైన పాట పాడండి. నా షైన్ ఎవడికీ అక్కర్లేదు."

హాలు నవ్వింది. నేనూ నవ్వాను. ఈ కథ నాకు తెలియదు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆమె చెప్పలేదు. మరదలి వైపు చూశాను. "తప్పు పాడానని సిగ్గండి దానికి. చెప్తే చంపేస్తానంది," అంది.

"చెల్లెమ్మ మనకి లేదు," అన్నాడు కీబోర్డాయన. ఆ మూడు మాటలే. "అప్పట్లో ఆవిడ రాలేని ప్రోగ్రాముల్లో లేడీ వాయిస్ ఎవరు పాడేవారో ఆయనే ఇప్పుడు పాడతాడు."

ఆ రోజుల సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. ఆడపిల్లలు అన్ని ఊళ్ళకూ రాలేరు. పరీక్షలుంటాయి, ఇంట్లో ఒప్పుకోరు. అందుకని ప్రతి ట్రూపులోనూ ఆడగొంతుతో పాడే మగమనిషి ఒకరుండేవారు. జనానికి ఆయన వేళాకోళం. పాట బాగున్నా నవ్వేవాళ్ళు.

లేచి వచ్చినాయన లావుగా, నల్లగా, గుబురు మీసాలతో ఉన్నాడు. రామచంద్రపురం దగ్గర ఎరువుల కొట్టు నడుపుతున్నాడట. ఆయన మైకు దగ్గరికి రాగానే వెనక నుంచి, "చీరేదండీ?" అని ఎవరో అరిచారు. "ఉతకడానికేశానండి, ఆరలేదు!" అన్నాడాయన బొంగురుగా. హాలు గొల్లుమంది.

మరదలు నా మోచెయ్యి పట్టుకుంది. "బావగారూ, వద్దని చెప్పండి. అక్క పాట ఈయన పాడటమేంటి? మీసాలేసుకుని ఆ గొంతు పెడతాడు, వీళ్ళంతా నవ్వుతారు. లేచి చెప్పండి."

నేను సగం లేచాను. చెప్పగలిగేవాణ్ణే. ఆమె గొంతు కోసం వచ్చి ఆమె మీద వెక్కిరింపు వినడం నాకూ ఇష్టం లేదు. కానీ అప్పటికే ప్యాడ్ మొదలైంది, ఆయన కళ్ళు మూసుకున్నాడు, నాకు ఊపిరి వినిపించింది.

పాట కాదు, పాటకు ముందు ఊపిరి. చిన్నది, ముక్కుతో కాకుండా పెదవుల చివర తీసుకున్నది, మధ్యలో తెగినట్టు ఉంటుంది. మా ఇంట్లో గొడవ మొదలయ్యే ముందు ఆ ఊపిరి వచ్చేది. అది వినగానే నేను పేపరు పక్కన పెట్టేవాణ్ణి. మైకులో అంత పెద్దగా అది వినిపించేసరికి నా చెయ్యి పేపరు కోసం కదిలింది. నేను సగం లేచినవాణ్ణి అలాగే నిలబడిపోయాను.

ఆయన పాడాడు. అది వేళాకోళపు ఆడగొంతు కాదు. సన్నగా చేసిన మగగొంతూ కాదు. ఒక అమ్మాయి, ఇరవై ఏళ్ళు నిండని అమ్మాయి, కొంచెం ధైర్యం చాలక మాట చివర గట్టిగా పట్టుకునే అమ్మాయి పాడుతోంది. ఆ అమ్మాయిని నేను ఎప్పుడూ చూడలేదు. మరదలు నా మోచెయ్యి వదిలేసింది. "అదేనండి," అంది. "అదే. ఇలాగే పాడేది." నవ్వేవాళ్ళు నవ్వడానికి సిద్ధంగా ఉండి, నోళ్ళు అలాగే పెట్టుకుని ఉండిపోయారు.

పల్లవి చివరికి వచ్చింది. పైన, పైన, పైన. ముందువరసలో ఒక పెద్దావిడ వేలు ఎత్తింది. తరవాత ఆమె పక్కాయన. తరవాత హాలంతా, పైన పైన అని అందుకుంటూ. పెచ్చులూడిన సీలింగు వైపు అన్ని వేళ్ళు. కొందరికి వేళ్ళు వంగవు, వాళ్ళు చెయ్యి మొత్తం ఎత్తారు. గిటారాయన చేతులు ఖాళీ లేక గడ్డం ఎత్తాడు. దీనికి నేను అర్థం కట్టను. అక్కడ కొందరు ఏడుస్తూ కట్టుకున్నారు, వాళ్ళ ఇష్టం. అది కార్బన్ కాగితం చేసిన పొరపాటు. ఒక అమ్మాయి తప్పు చదివి తడుముకోకుండా నిలబడింది. పాతికేళ్ళ తరవాత ఇంతమంది ఆ తప్పును తప్పుగానే, జాగ్రత్తగా, ఒక్క గీత కూడా చేర్చకుండా పాడారు. నాకు అదే చాలా పెద్దది అనిపించింది. నేను చదివిన వాటిలో దీనికి సమానమైనది ఏదైనా ఉందేమో అని ఆ నిలబడ్డచోటే వెతుక్కున్నాను. దొరకలేదు. నా వేలు కూడా పైకే ఉందని కాసేపటికి చూసుకున్నాను.

అయినా నేను వెతుకుతున్నది అది కాదు. ఊపిరి ఆమెదే, పాట ఆమెదే. గొంతు మాత్రం నాకు తెలిసిన మనిషిది కాదు, నాకంటే ముందటి మనిషిది. కూర్చున్నాక "మందు వేసుకున్నారా" అని మనసులో ఆమె చేత అనిపించి చూశాను. నా గొంతే వచ్చింది.

కచేరీ అయ్యేసరికి ఇంకా వెలుతురుంది. హాలువాళ్ళు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నారు. ఎరువుల కొట్టాయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. దగ్గర నుంచి చూస్తే ఇంకా లావుగా ఉన్నాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పుగా అనుకోకండి బావగారూ. వెక్కిరించినట్టు అనిపించిందేమో అని భయపడిపోయానండి. చీర మాట అనకుండా ఆగాల్సింది."

"లేదండి," అన్నాను. "ఆ ఊపిరి మీకెలా వచ్చింది?" అని అడిగాను.

"ఆయ్, చెల్లెమ్మ నేర్పిందేనండి. మొదట్లో నేను పాటకి ముందు బండెడు గాలి పీల్చేవాణ్ణి, మైకులో ఎద్దు రొప్పినట్టుండేది. చెల్లెమ్మ కోప్పడేది. అన్నయ్యా, అంత గాలి మీకెందుకండీ, పాట పాడతారా, ఈత కొడతారా? అనేది."

ఆయన ఆ మాటను చెప్పలేదు. అన్నాడు. ముందుమాటలు బొంగురుగా, తన గొంతుతో చెప్పి, ఆమె మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు మారింది. పాడే గొంతు కాదు. మాట్లాడే గొంతు. కోపంలో కూడా "అండీ" వదలకుండా, చివర కొంచెం నవ్వు దాచుకునే గొంతు. తాను అలా మార్చానని ఆయనకు తెలియదు. మీసాలు తుడుచుకుంటున్నాడు.

మరదలి చేతిలోంచి దారపుండ కింద పడి కుర్చీల కిందికి దొర్లింది. ఆమె తీసుకోలేదు.

నేను దగ్గరలో పేర్చిన కుర్చీల్లోంచి ఒకటి లాగాను. ఆయన్ని కూర్చోమన్నాను. హాలాయన, "సార్, మూసెయ్యాలండి," అన్నాడు. మరదలు ఆయనతో, "కాసేపు ఆగు నాయనా," అంది.

"ఇంకేమనేది?" అని అడిగాను.

"చాలా అనేదండి. నోరు ఊరుకునేదా?" ఎరువుల కొట్టాయన కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది. కాసేపు గుర్తు చేసుకున్నాడు. "స్టేజీ వెనక నేను పకోడీలు తింటుంటే చూసిందనుకోండి..."

"ఏమనేది?"

ఆయన ఆ చిన్న ఊపిరి తీసుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.